కోడ్ పుస్తకంలో ఎవరూ చదవని పేజీలు

(అగ్నిమాపక సేవా వారోత్సవాల్లో చేసిన స్మారక ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



ఏటా ఏప్రిల్ 14న మనం తలుచుకునేది బొంబాయి విక్టోరియా డాక్‌లో ప్రాణాలు వదిలిన అగ్నిమాపక సిబ్బందిని. 1944లో ఆ రోజు మధ్యాహ్నం ఫోర్ట్ స్టికీన్ అనే సరుకు ఓడలో పొగ లేచింది. ఇంగ్లండులో ఎక్కించిన పేలుడు సామగ్రి దాదాపు 1,400 టన్నులు ఆ ఓడలో ఉంది. దారిలో కరాచీ దగ్గర వేల పత్తి బేళ్ళు కూడా ఎక్కించారు. నాలుగు దాటాక ఒకసారి, మరో అరగంటకు ఇంకోసారి ఓడ పేలింది. హోస్ పైపులు పట్టుకుని నిలబడ్డవాళ్ళలో 66 మంది ఇళ్ళకు తిరిగి వెళ్ళలేదు. పత్తి ఏ రకం సరుకో, మందుగుండు ఏ రకం సరుకో ఆనాటి రేవు అధికారులకు తెలియక కాదు. సరుకుల తరగతులు కాగితాల మీద ఉన్నాయి. యుద్ధం తొందరలో ఆ తరగతులను లెక్క చేసినవాళ్ళు లేరు.

అందుకే ఈ ఉపన్యాసానికి అగ్ని భద్రతా కోడ్‌ల పరిభాషను విషయంగా తీసుకున్నాను. నిర్వాహకులు కొంచెం నిరుత్సాహపడ్డారు. ఏదైనా ఆసక్తికరంగా మాట్లాడండి సార్, అన్నారు. నాకు ఇంతకంటే ఆసక్తికరమైన విషయం తెలియదు.

మన నేషనల్ బిల్డింగ్ కోడ్ మొదట 1970లో వచ్చింది. 1983లో, 2005లో, 2016లో దాన్ని తిరగరాశారు. అందులో నాలుగో భాగం అగ్ని భద్రతది. తెరవగానే ముందు వచ్చేవి పదాల నిర్వచనాలు. ప్లాన్లు గీసేవాళ్ళు ఆ పేజీలు తిప్పేసి నేరుగా పట్టికల దగ్గరికి వెళ్తారు. ప్లాన్లు పరిశీలించేవాళ్ళలోనూ చాలామందిది అదే అలవాటు. ప్రమాదం జరిగాక కోర్టులో లాయర్లు మాత్రం మొట్టమొదట ఆ పేజీలే తీస్తారు. కోడ్‌లో ప్రతి పదం వెనకా ఒక కొలత ఉంటుంది. అది నిమిషాల్లో ఉండొచ్చు, మీటర్లలో ఉండొచ్చు, మనిషికి ఇంత చోటు అని ఉండొచ్చు. కొలత ఊడిపోయిన పదం అమ్మకపు మాటగా మారిపోతుంది. ఈ గంటలో నేను చెప్పేదంతా దీని చుట్టూ తిరుగుతుంది.

'ఫైర్‌ప్రూఫ్' అనే మాటతో మొదలుపెడతాను. 1903 చివర్లో షికాగోలో ఇరాకోయ్ అనే కొత్త నాటకశాల తెరిచారు. అది సంపూర్ణంగా ఫైర్‌ప్రూఫ్ అని ప్రకటనల్లో వేసుకున్నారు. డిసెంబరు 30 మధ్యాహ్నం ఆటకు ఎక్కువగా ఆడవాళ్ళు, పిల్లలు వచ్చారు. రంగస్థలం మీద దీపం నుంచి తెరకు నిప్పు అంటుకుంది. 600 మందికి పైగా చనిపోయారు. కొన్ని తలుపులకు అలవాటు లేని గడియలు ఉన్నాయి, కొన్ని తెరల వెనక దాగి ఉన్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. ప్రకటన మాత్రం ఒక రకంగా అబద్ధం కాదు. కట్టడానికి పెద్దగా ఏమీ కాలేదు, మరుసటి ఏడాదే ఇంకో పేరుతో మళ్ళీ తెరిచారు. 1911లో న్యూయార్క్‌లో 146 మంది బట్టల కార్మికులు చనిపోయిన ట్రయాంగిల్ ఫ్యాక్టరీ భవనమూ ఫైర్‌ప్రూఫ్ అనిపించుకున్నదే. అది ఇప్పటికీ నిలబడే ఉంది, అందులో పాఠాలు చెబుతున్నారు.

ఈ రెండు ఘటనల తర్వాత వృత్తిలో ఉన్నవాళ్ళు క్రమంగా ఆ మాటను పక్కన పెట్టారు. దాని స్థానంలో 'ఫైర్ రెసిస్టెన్స్' వచ్చింది, దాని పక్కన నిమిషాలు వచ్చాయి. ఈ నిమిషాలను ఎక్కడ కొలుస్తారో కొంచెం వివరంగా చెప్పాలి. కొలిమి లాంటి పెద్ద ఫర్నేస్‌కు ఒక వైపున గోడనో తలుపునో బిగిస్తారు. లోపలి వేడిని ఒక నిర్ణీత వంపు ప్రకారం పెంచుకుంటూ పోతారు. ఐఎస్‌ఓ 834 అనే ప్రమాణం ప్రకారం 30 నిమిషాలకు 842 డిగ్రీల సెల్సియస్, గంటకు 945, రెండు గంటలకు 1049. చూసేవి మూడు. బరువు మోసే భాగమైతే కూలకుండా మోస్తోందా? సందులు పడి మంటగానీ వేడి వాయువులుగానీ అవతలికి వస్తున్నాయా? అవతలి ముఖం ఎంత వేడెక్కింది? రెండో దాన్ని పరీక్షించే పద్ధతి నాకు చాలా ఇష్టం. చట్రానికి బిగించిన దూది ముక్కను సందు దగ్గర పట్టుకుంటారు. దూది అంటుకుంటే తలుపు ఫెయిల్. కోటి రూపాయల ఫర్నేస్‌లో తీర్పు చెప్పేది దూది. మూడో దానికి లెక్క ఉంది. అవతలి ముఖం సగటున 140 డిగ్రీలకు మించి పెరగకూడదు, ఏ ఒక్క చోటా ఆ పెరుగుదల 180 దాటకూడదు.

కాబట్టి 120 నిమిషాల తలుపు అన్నప్పుడు వెంటనే అడగాల్సింది, ఈ మూడింటిలో దేనికి 120 అని. సందులు పడకుండా రెండు గంటలు ఆగిన తలుపు, అవతలి ముఖం విషయంలో ముందే చేతులెత్తేసి ఉండవచ్చు. ఇక ఆ 120 ఫర్నేస్ గడియారం చూపిన 120. లోపల చిక్కుకున్నవాళ్ళకు రెండు గంటల టైం ఉందని దాని అర్థం కాదు. పొగ నిండిన వరండాలో మనిషికి దొరికేది నిమిషాలే. బిల్డర్ల బ్రోషర్లలో ఈ రెండింటినీ కలిపేస్తారు. 'రెండు గంటల భద్రత' అని రాసిన బ్రోషర్ ఒకటి చూశాను. కోడ్‌లో అలాంటి పదం లేదు.

తలుపు గురించి ఇంకొక్క మాట. నగరంలో ఏ ఎత్తయిన అపార్టుమెంటుకైనా వెళ్ళి మెట్ల గది తలుపు చూడండి. కబ్జాల వైపు అంచున చిన్న లోహపు బిళ్ళ ఉంటుంది. తయారీదారు పేరు, నిమిషాలు, పరీక్ష వివరం దాని మీద ఉంటాయి. చట్రం గాడిలో ముదురు రంగు పట్టీ ఉంటుంది. వేడికి అది ఉబ్బి సందును మూసేస్తుంది. పైన డోర్ క్లోజర్ ఉంటుంది. చాలా చోట్ల ఆ క్లోజర్ చెయ్యి ఊడదీసి ఉంటుంది, కింద ఒక పూలకుండీనో ఇటుకో అడ్డం పెట్టి ఉంటుంది. కారణం అడిగితే గాలి రావడం లేదంటారు, పిల్లల సైకిళ్ళు తీసుకెళ్ళడానికి అంటారు. కోడ్ భాషలో ఫైర్ డోర్ అంటే చెక్కో ఇనుమో కాదు. తలుపు, చట్రం, కబ్జాలు, క్లోజర్, పట్టీ అన్నీ కలిపి పరీక్షించిన ఒక అమరిక అది. పరీక్ష మూసి ఉన్న తలుపుకే చేస్తారు. ఇటుక అడ్డం పెట్టిన తలుపు రేటింగ్ సున్నా నిమిషాలు.

ఇప్పుడు 'ఎగ్జిట్' అనే మాటకు వస్తాను. మనలో చాలామందికి ఎగ్జిట్ అంటే ఆకుపచ్చ బోర్డున్న తలుపు. కోడ్ దారిని మూడు ముక్కలు చేస్తుంది. మీరు కూర్చున్న చోటి నుంచి మెట్ల గది తలుపు దాకా ఒక ముక్క. ఆ తలుపు లోపల, నిప్పుకు ఆగే గోడల మధ్య కిందికి దిగే మెట్లు రెండోది. మెట్లు అయిపోయాక రోడ్డు మీదికో బహిరంగ స్థలానికో చేర్చేది మూడోది. రెండో ముక్కకే ఎగ్జిట్ అని పేరు. అంటే నాలుగు పక్కలా మూసి ఉండని మెట్లు ఎంత వెడల్పున్నా ఆ నిర్వచనానికి చాలవు. సెల్లార్ నుంచి పై అంతస్తు దాకా లిఫ్టు చుట్టూ తిరుగుతూ పోయే ఒంటరి మెట్లు మన పాత కాంప్లెక్సుల్లో ఎన్ని లేవు? నిప్పంటుకున్నప్పుడు అవి పొగ గొట్టాలు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో ఎనిమిది మంది చనిపోయారు. పొగ పైకి వెళ్ళిందీ, మనుషులు కిందికి రావాల్సిందీ ఒకటే మెట్ల దారి. ఆరు నెలలకు, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. 2025 మేలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఉమ్మడి కుటుంబానికి చెందిన 17 మంది. అక్కడా దారి ఒకటే, అదీ ఇరుకు.

లిఫ్టులు, ఎస్కలేటర్లు, గుండ్రంగా తిరిగే తలుపులు ఎగ్జిట్ కిందికి రావని మన కోడ్ స్పష్టంగా రాసింది. ఆ మూడో మాట మన పుస్తకంలోకి ఊరికే రాలేదు. 1942 నవంబరులో బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్‌లో 492 మంది చనిపోయారు. ప్రధాన ద్వారానికున్న తిరిగే తలుపు జనం ఒత్తిడికి బిగుసుకుపోయింది. దాని వెనక శవాలు గుట్ట పడ్డాయి. నిర్వచనంలో ఒక్కో పదం ఇలా వచ్చి చేరుతుంది.

'ట్రావెల్ డిస్టెన్స్' అని ఇంకో మాట ఉంది, ఎగ్జిట్ చేరడానికి నడవాల్సిన గరిష్ఠ దూరం. ఇళ్ళకు, బళ్ళకు, ఆసుపత్రులకు 30 మీటర్లు. ప్లాన్ మీద స్కేలు పెట్టి గదికి అడ్డంగా గీత గీసి 28 మీటర్లు వచ్చింది సార్ అంటారు. మనిషి గోడల్లోంచి, బల్లల మీదుగా నడవడు కదా. నడిచే దారి వెంట కొలవాలి. కుర్చీల వరస చుట్టి, కౌంటర్ దాటి, మలుపు తిరిగి. ఆ 28 చాలా సార్లు 40 అవుతుంది.

మనుషుల లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. కోడ్‌లో 'ఆక్యుపెంట్ లోడ్' అంటే ఆ రోజు ఎంతమంది వచ్చారని కాదు. చోటును బట్టి ఎంతమంది పట్టవచ్చో వేసే లెక్క. ఆఫీసుకు మనిషికి 10 చదరపు మీటర్లు. భోజనాల హాలుకు ఒకటిన్నర. కుర్చీలు వేసి జనాన్ని కూర్చోబెట్టే హాలుకు 0.6. మన ఫంక్షన్ హాళ్ళనే తీసుకోండి. 600 చదరపు మీటర్ల హాలును భోజనశాలగా చూపిస్తే 400 మంది, కుర్చీలు వేసే మండపంగా చూపిస్తే 1,000 మంది. తలుపుల వెడల్పు, మెట్ల వెడల్పు ఈ అంకెను బట్టే తేలతాయి. ప్లాన్‌లో 'డైనింగ్' అని రాసి, ముహూర్తం నాడు అందులోనే స్టేజీ కట్టి కుర్చీలు వేస్తే, ఆరు వందల మందికి దారి లేనట్టే.  1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయినప్పుడు బయటపడ్డదీ ఇలాంటి లెక్కే. బాల్కనీలో అదనపు సీట్లు వేసి నడకదారులు మూశారు. 

ఎత్తు విషయం త్వరగా చెప్పి వదిలేస్తాను. నేషనల్ కోడ్ ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఉంటే హైరైజ్. మన ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168 నంబరు జీవో ప్రకారం 18 మీటర్లు. నివాస భవనానికి ఫైర్ ఎన్‌ఓసీ కావాల్సిందీ 18 నుంచే. అందుకే స్టిల్ట్ ప్లస్ ఫైవ్ అపార్టుమెంట్లు వీధి వీధికీ మొలిచాయి. 18కి కాస్త దిగువన ఆగిపోతే ఒక వరస అనుమతులు, తనిఖీలు తప్పుతాయి. చట్టరీత్యా అది తప్పు కాదు. అగ్నిమాపక సేవలు రాష్ట్రాల, మున్సిపాలిటీల పరిధిలోవి. జాతీయ కోడ్ సిఫారసు మాత్రమే, రాష్ట్రం తీసుకున్నంత వరకే అది చట్టం. కానీ 15కూ 18కీ మధ్య ఉన్న మూడు మీటర్లలో ఒక అంతస్తు ఉంటుంది. ఆ అంతస్తులో కాపురాలు ఉంటాయి. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ తేడాను మళ్ళీ చూడాలని నా గట్టి అభిప్రాయం.

భవనాన్ని దేనికి వాడుతున్నారన్నది 'ఆక్యుపెన్సీ'. ఇళ్ళు ఎ, బళ్ళు బి, ఆసుపత్రులు సి, జనం చేరే చోట్లు డి, ఇలా ప్రమాదకర సరుకులుండే జె దాకా తొమ్మిది వర్గాలు. ఐ అక్షరాన్ని వదిలేశారు, ఒకటి అంకెతో తికమక పడతారని కాబోలు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలు. తొమ్మిది ప్రాణాలు పోయాయి. కింది అంతస్తు జె, పై అంతస్తు ఎ. కోడ్ ఆ రెంటినీ ఒకే కప్పు కింద ఊహించనే ఊహించదు. 2011 డిసెంబరులో కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో దాదాపు 90 మంది చనిపోయినప్పుడు, పార్కింగ్ అని అనుమతి తీసుకున్న బేస్‌మెంటు గోదాముగా మారి ఉంది. ప్లాన్ మీది పేరు అదే. లోపలిది వేరు.

ఇంతవరకు పదాన్ని నిర్లక్ష్యం చేసిన కథలు చెప్పాను. పదాన్ని చాలా జాగ్రత్తగా, అక్షరం తప్పకుండా వాడి మనుషులను చంపిన కథ ఒకటి ఉంది. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్, 24 అంతస్తులు. 2016లో ముస్తాబు పూర్తయింది, బయటంతా అల్యూమినియం పలకలు తొడిగారు. 2017 జూన్ 14 రాత్రి 12 గంటల 54 నిమిషాలకు తొలి ఫోన్ వచ్చింది. 72 మంది చనిపోయారు. ఆ పలకల్లో రెండు పలుచటి అల్యూమినియం రేకుల మధ్య ఉన్నది పాలిథిలీన్. అంటే ప్లాస్టిక్. అంత ఎత్తు భవనానికి అది ఎలా ఎక్కింది? అక్కడి మార్గదర్శకాల్లో 'క్లాస్ 0' అనే ఒక తరగతి ఉండేది. రెండు చిన్న పరీక్షల మీద అది ఆధారపడింది. ఒకటి ఉపరితలం మీద మంట ఎంత పాకుతుందో చూస్తుంది. రెండోది నమూనా ఎంత వేడి వదులుతుందో చూస్తుంది. రెండూ పలక ముఖం మీదే జరుగుతాయి. ముఖం అల్యూమినియం కదా. పాసవుతుంది. వ్యాపారులు క్లాస్ 0 అని అచ్చేశారు. ఆర్కిటెక్టులు, కాంట్రాక్టర్లు, తనిఖీ అధికారులు ఆ సున్నాను చూసి ఇక మండదు అనుకున్నారు. మండే స్వభావం తక్కువ పదార్థాలకు అదే పుస్తకంలో వేరే తరగతి ఉంది. దాని పేరు వేరు, పరీక్ష వేరు. రెంటి మధ్య గీత చెరిగిపోయింది. 2024 సెప్టెంబరు 4న వచ్చిన విచారణ సంఘం చివరి నివేదిక, ఉత్పత్తిదారులు మార్కెట్‌ను ఎలా తప్పుదోవ పట్టించారో, ప్రభుత్వం ఎన్నేళ్ళు ఎలా ఊరుకుందో దాదాపు 1,700 పుటల్లో రాసింది.

ఆ రాత్రి ఇంకో పదమూ పనిచేసింది. 'స్టే పుట్', ఎవరి ఫ్లాటులో వాళ్ళు ఉండండి అని. ప్రతి ఫ్లాటూ నిప్పును తనలోనే ఆపే పెట్టె అయినప్పుడు ఆ సలహా సరైనదే. గోడ బయటి నుంచి నిప్పు పైకి ఎగబాకిన భవనంలో ఆ ఊహ కూలిపోయింది. సలహా మాత్రం రెండున్నర దాటేదాకా మారలేదు. మన నగరాల్లోనూ ఆఫీసు భవనాలకు అలాంటి పలకలు మెరుస్తూ కనబడుతున్నాయి. వాటి మధ్యలో ఏముందో అడిగే హక్కు లోపల పనిచేసేవాళ్ళందరికీ ఉంది.

యూరప్‌లో ఇప్పుడు వాడే అక్షరాలు కొంచెం మేలు. ఎ1 నుంచి ఎఫ్ దాకా తరగతులు, పక్కన పొగకు ఒక అంకె, మండుతూ కారే బొట్లకు ఒక అంకె. 'ఎ2-ఎస్1, డి0' అని ఉంటే మూడు వేర్వేరు ప్రశ్నలకు మూడు జవాబులు. కానీ ఆ ఎ, ఎర్ర సిలిండర్ మీద ఉండే ఎ ఒకటి కాదు. సిలిండర్ మీది ఎ అంటే కట్టె, గుడ్డ, కాగితం నిప్పు. అక్కడా మోసం ఉంది. మన దేశంలో సి తరగతి అంటే గ్యాస్ మంట. అమెరికాలో సి అంటే కరెంటున్న పరికరాల మంట. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏళ్ళ తరబడి ఉండి వచ్చిన మనవాళ్ళు ఇక్కడి సిలిండర్ మీద సి అక్షరం చూసి స్విచ్‌బోర్డు మీదికి కొడతారు. ఏబీసీ పౌడర్ అయితే బతికిపోతారు. అక్షరాన్ని నమ్ముకోవడం మాత్రం ప్రమాదమే.

ఇక్కడ ఒక మనిషిని తలుచుకోకుండా ఉండలేను. బెంజమిన్ లీ వూర్ఫ్‌ను భాషాశాస్త్రం చదివినవాళ్ళు బాగా ఎరుగుదురు. భాష ఆలోచనను మలుస్తుందన్న వాదం ఆయన పేరు మీదే నడుస్తోంది. ఆయన జీతం తీసుకున్నది మాత్రం హార్ట్‌ఫర్డ్ అగ్ని బీమా కంపెనీలో, ఫైర్ ఇన్‌స్పెక్టర్‌గా. 1941లో, తాను చనిపోయిన ఏడాదే అచ్చయిన వ్యాసంలో పెట్రోలు డ్రమ్ముల ఉదాహరణ ఇచ్చాడు. నిండు డ్రమ్ముల దగ్గర జనం జాగ్రత్తగా ఉంటారు. 'ఖాళీ' డ్రమ్ముల దగ్గర సిగరెట్ ముట్టిస్తారు. నిజానికి ఖాళీ డ్రమ్ములోనే ఆవిరి ఉంటుంది, అదే పేలేది. మన ఆటోనగర్లలో ఖాళీ డ్రమ్ముకు వెల్డింగ్ పెడుతూ చనిపోయినవాళ్ళ వార్త జిల్లా పేజీలో ఎప్పుడో ఒకప్పుడు వస్తూనే ఉంటుంది. వూర్ఫ్ సిద్ధాంతం మీద పండితులకు ఎన్ని అభ్యంతరాలైనా ఉండనివ్వండి, ఈ ఒక్క పరిశీలన మీద నాకు లేవు.

ఇక అడగాల్సినవి. అగ్నిమాపక శాఖలను, మున్సిపల్ శాఖలను కోరేది ఇది. ఎన్‌ఓసీ కాగితాన్ని ఫైల్లో దాచకుండా ప్రతి భవనం గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టించండి. భవనం ఎత్తు ఎన్ని మీటర్లు, ఏ అంతస్తుకు ఏ ఆక్యుపెన్సీ, హాలుకు ఎంతమంది, మూసి ఉన్న మెట్ల గదులు ఎన్ని, ఎన్‌ఓసీ ఎప్పటి దాకా చెల్లుతుంది, ఈ అయిదూ చాలు. ఇంజనీరింగ్ కాలేజీలు కోడ్ నాలుగో భాగాన్ని పట్టికలతో కాకుండా నిర్వచనాలతో మొదలుపెట్టి చెప్పాలి. తెలుగు పత్రికలు 'అగ్ని నిరోధక' అని రాసే ముందు, ఎన్ని నిమిషాలు అని అడగాలి. అపార్టుమెంటు అసోసియేషన్ల వాళ్ళు ఈ హాల్లో చాలామందే కనిపిస్తున్నారు. వచ్చే జనరల్ బాడీ మీటింగ్ ఎజెండాలో పెయింటింగ్, పార్కింగ్ కంటే ముందు మెట్ల గది తలుపుల క్లోజర్లు పెట్టండి. వాటిని బాగు చేయించడానికి ఒక నెల మెయింటెనెన్స్ డబ్బులో చిన్న భాగం సరిపోతుంది.